హాప్స్ మార్కెట్ ఎలా నడుస్తుంది: నడిగడ్డ, నల్లగొండ రైతుల వైపు నుంచి ఒక పరిశీలన

దక్షిణ తెలంగాణలో కొత్త పంట పేరు వినిపించినప్పుడల్లా ముందుగా వచ్చే ప్రశ్న ఎకరానికి దిగుబడి ఎంత అన్నది. కొనేవాళ్ళు ఎవరు, ఎంతమంది అన్న ప్రశ్న చాలాసార్లు మొక్కలు నాటిన తరువాతే ముందుకొస్తుంది. బీరు వినియోగంలో తెలంగాణ దేశంలో ముందు వరుసలో ఉన్న రాష్ట్రం కాబట్టి, ఆ బీరుకు చేదునూ వాసననూ ఇచ్చే హాప్స్‌ను నల్లగొండలోనో పాలమూరులోనో ఎందుకు పండించకూడదన్న ఆలోచన రావడం సహజమే. సాగు సాధ్యమా అన్నదానికి జవాబు తేలిగ్గానే దొరుకుతుంది. అయితే హాప్స్ మార్కెట్ నడిచే తీరును పరిశీలిస్తే, నడిగడ్డ అని పిలిచే మన గద్వాల ప్రాంతంలో ముందస్తు అగ్రిమెంట్ల మీద కంపెనీలకు పత్తి విత్తనం పండించి ఇచ్చే సీడ్ పత్తి రైతుకూ, ఏళ్ళ తరబడి చెట్టును సాకి మార్కెట్ ముందు నిలబడే నల్లగొండ బత్తాయి రైతుకూ పనికివచ్చే సంగతులు అందులో ఎన్నో కనిపిస్తాయి. ఈ వ్యాసం ప్రధానంగా వాటి గురించే.

హాప్స్ గంజాయి కుటుంబానికి చెందిన బహువార్షిక తీగ. భూమిలోని వేరు దుంప పదిహేను, ఇరవై ఏళ్ళు బతుకుతుంది. పైన తీగ మాత్రం ఏటా వసంతంలో కొత్తగా చిగురించి, కోత తరువాత ఎండిపోతుంది. చిగురించిన తీగను తాళ్ళకు ఎక్కిస్తే కుడివైపుగా చుట్టుకుంటూ, ఎదిగే కాలంలో రోజుకు జానెడుకు పైగా పెరిగి, జూన్ చివరికల్లా పందిరి కొసను అందుకుంటుంది. ఆ పందిరి మన బీర, కాకర, ద్రాక్ష పందిళ్ళ వంటిది కాదు. అమెరికాలో సుమారు 18 అడుగులు, జర్మనీలో 7 మీటర్ల ఎత్తున స్తంభాలు నాటి, వాటి మీద తీగలు లాగి, ప్రతి మొక్కకూ ఏటా కొత్త తాళ్ళు కట్టాలి. ఆడ మొక్కలు, మగ మొక్కలు వేరువేరుగా ఉంటాయి. మార్కెట్‌కు కావలసినది ఆడ మొక్కల పూగుత్తులే కాబట్టి, వాటిలో గింజ పట్టకుండా ఉండడం కోసం చాలా ప్రాంతాల్లో మగ మొక్క కనబడితే పీకేస్తారు. సీడ్ పత్తిలో మగ వరుసలను ప్రత్యేకంగా పెంచి, పువ్వు పువ్వుకూ చేతితో పుప్పొడి అద్దే నడిగడ్డ కూలీలకు ఈ పద్ధతి పూర్తిగా తలకిందులుగా అనిపిస్తుంది.

పూగుత్తి రెక్కల మొదట్లో లుపులిన్ అనే పసుపు పచ్చని పొడి ఉంటుంది. పంట విలువ అంతా అందులోనే ఉంది. దానిలోని ఆల్ఫా ఆమ్లాలు బీరు కాచేటప్పుడు వేడికి రూపం మార్చుకుని చేదును ఇస్తాయి, కొన్ని రకాల బ్యాక్టీరియాను అడ్డుకుని బీరు పాడవకుండా కాపాడతాయి. సుగంధ తైలాలు వాసనను ఇస్తాయి. కోసిన పూగుత్తుల్లో నూటికి ఎనభై వంతుల దాకా తేమ ఉంటుంది కాబట్టి కోసిన కొద్ది గంటల్లోనే వేడిగాలి మీద ఆరబెట్టి దానిని పది శాతానికి తేవాలి, ఆ వెంటనే బేళ్ళు కట్టి కోల్డ్ స్టోరేజీకి పంపాలి. ఆ తరువాత గుళికలుగానో, కార్బన్ డయాక్సైడ్‌తో తీసిన సారంగానో మారితే తప్ప ఎక్కువ కాలం నిలవ ఉండదు. అంటే పొలం పక్కనే ఆరబెట్టే కొట్టమూ, దగ్గరలో శీతల గిడ్డంగీ లేని చోట ఈ పంటకు తావు లేదు.

తెగుళ్ళ పేర్లు మాత్రం మనకు కొత్త కావు. బూడిద తెగులు, బూజు తెగులు, ఎండు తెగులు, పేనుబంక, నల్లి – యాకిమా లోయ రైతు పంటకాలమంతా పోరాడేది వీటితోనే. ఆ లోయ కూడా పచ్చని సీమ కాదు. అమెరికా వాషింగ్టన్ రాష్ట్రంలో పర్వతాల చాటున ఉన్న ఆ ప్రాంతంలో ఏడాది వర్షపాతం 200 మిల్లీమీటర్లకు అటూ ఇటూగానే ఉంటుంది, నల్లగొండలో కురిసేదానిలో మూడో వంతు కూడా కాదు. కొండల మీది మంచు కరిగి నదిలోకి వచ్చే నీటిని జలాశయాల్లో నిలిపి, కాలువల ద్వారా పొలాలకు తెచ్చి, డ్రిప్‌తో పారించి అక్కడ పంట తీస్తారు. కాబట్టి కరువు నేలల్లో హాప్స్ పండదన్న వాదన నిలవదు.

అసలు అడ్డంకి పగటి నిడివి. హాప్స్ తీగ ఎంత ఎత్తు ఎదిగి ఎప్పుడు పూయాలో పగలు ఎంతసేపు ఉందన్నదాన్ని బట్టి నిర్ణయించుకుంటుంది. వసంతంలో పగలు పెరుగుతూ పోయి, జూన్‌లో 15, 16 గంటలకు చేరి, ఆ తరువాత తగ్గడం మొదలైతేనే తీగ ముందు పందిరి కొస దాకా ఎదిగి ఆపైన పూతకు వస్తుంది. ప్రపంచంలోని ప్రధాన హాప్స్ ప్రాంతాలన్నీ 35, 55 డిగ్రీల అక్షాంశాల మధ్య ఉండడానికి కారణం ఇదే. యాకిమాలో జూన్‌లో అత్యంత దీర్ఘమైన పగలు 15 గంటల 45 నిమిషాలు దాటుతుంది, జర్మనీలో బవేరియా రాష్ట్రంలోని హాలర్టావులో 16 గంటలు దాటుతుంది. 17వ డిగ్రీ దగ్గర ఉన్న నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో అది సుమారు 13 గంటల 10 నిమిషాలు. ఇంత చిన్న పగటిలో తీగ సగం ఎత్తుకు కూడా చేరకముందే అక్కడక్కడా పూసి ఆగిపోతుంది. మే నెలలో ఇక్కడి 44 డిగ్రీల ఎండ దానికి తోడు.

కృత్రిమ వెలుగుతో పగటిని పొడిగించి ఈ అడ్డంకిని దాటవచ్చు. దక్షిణాఫ్రికాలో 34వ డిగ్రీ దగ్గరి జార్జ్ ప్రాంతంలో తొలినాళ్ళలో పొలాల్లో దీపాలు వెలిగించి పంట తీశారు, తరువాత ఆ పగటికి తగిన రకాలను సొంతంగా రూపొందించుకున్నారు. ఇటీవల బ్రెజిల్ రైతులు ఎల్‌ఈడీ దీపాలతో ఇదే పని చేస్తున్నారు. చలికాలపు నిద్ర ఈ మొక్కకు తప్పనిసరి అన్న పాత నమ్మకాన్ని కూడా అమెరికాలో జరిగిన పరిశోధన ప్రశ్నించింది. కాబట్టి వనపర్తిలోనో దేవరకొండలోనో దీపాల కింద హాప్స్ పూయించడం అసాధ్యమని చెప్పలేము. అయితే పూయించడం వేరు, యాకిమాలో సూర్యుడు ఉచితంగా ఇచ్చే వెలుగును కరెంటు బిల్లు కట్టి తెచ్చుకుని, అదే అంతర్జాతీయ ధరకు అమ్మడం వేరు.

ఆ ధర సంగతికి వచ్చే ముందు పరిమాణం ఎంతో చూడాలి. సాధారణ లాగర్ బీరులో హెక్టోలీటరుకు, అంటే నూరు లీటర్లకు, వాడే ఆల్ఫా ప్రపంచ సగటున 5, 6 గ్రాములే. నూటికి 15 వంతుల ఆల్ఫా ఉన్న చేదు రకంతో లెక్క వేస్తే 650 మిల్లీలీటర్ల సీసాకు పావు గ్రాము హాప్స్ చాలు. ఇదే లెక్కను పెద్దది చేస్తే, వంద కోట్ల లీటర్ల బీరుకు కావలసినది సుమారు 370 టన్నులు. హెక్టారుకు రెండు టన్నుల దిగుబడి అనుకుంటే అది 185 హెక్టార్ల పంట, మన లెక్కలో 460 ఎకరాలు. నల్లగొండ జిల్లాలో ఒక మోస్తరు గ్రామపు సాగు భూమి అంతకంటే ఎక్కువే ఉంటుంది. ప్రపంచం మొత్తానికీ ఏటా కావలసిన హాప్స్ 55 నుంచి 60 వేల హెక్టార్ల చిల్లరలోనే పండుతున్నాయి, ఉత్పత్తి 1.1 లక్షల టన్నులకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అందులో దాదాపు నాలుగింట మూడు వంతులు అమెరికా, జర్మనీలవే. మిగిలినది చెక్ రిపబ్లిక్, పోలండ్, స్లొవేనియా, చైనా, ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వంటి దేశాలు పంచుకుంటాయి. ఇంత చిన్న మార్కెట్‌లో కొన్ని వందల ఎకరాలు అదనంగా చేరినా, కొన్ని వందల ఎకరాలు తగ్గినా ధర కదులుతుంది.

పత్తి బట్టకు పోకపోతే దూదికి పోతుంది, గింజ నూనెకు పోతుంది, చెక్క పశువులకు పోతుంది. వరిని ఇంట్లో వండుకోవచ్చు. హాప్స్‌కు బీరు తప్ప చెప్పుకోదగిన మరో వాడకం లేదు, కొనేవాళ్ళు బ్రూవరీలు, వాటికి సరఫరా చేసే గుప్పెడు వ్యాపార సంస్థలు మాత్రమే. పైగా సీసాలో హాప్స్ విలువ అతి స్వల్పం కావడం వల్ల, ధర సగానికి పడిపోయినంత మాత్రాన బ్రూవరీ రెట్టింపు కొనదు; ధర మూడింతలైనా కొనక తప్పదు. గిరాకీ ఇలా బిగుసుకుని ఉన్నప్పుడు, ఉత్పత్తిలో పది శాతం కొరత ధరను ఆకాశానికి ఎత్తుతుంది, పది శాతం మిగులు దానిని నేలకు దించుతుంది. మొక్క నాటిన తరువాత పూర్తి దిగుబడి రావడానికి రెండు మూడేళ్ళు పడుతుంది కాబట్టి, కొరతను చూసి వేసిన తోట మిగులు కాలానికి కాపుకు వస్తుంది. 2000ల తొలినాళ్ళలో బోర్లు ఎండి బత్తాయి చెట్లు కొట్టేసిన నల్లగొండ రైతులకు బహువార్షిక పంటలోని ఈ కాలవ్యత్యాసం ఎంత నష్టం తెస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

ఈ ఒడిదుడుకులను తట్టుకోవడానికే హాప్స్ వ్యాపారం ముందస్తు ఒప్పందాల మీద నిలబడింది. పంటలో అధిక భాగం మూడు నుంచి ఐదేళ్ళు, ఒక్కోసారి అంతకంటే ముందే, పరిమాణమూ రకమూ ధరా రాసుకుని అమ్ముడవుతుంది. మిగిలిన కొద్ది భాగమే కోత తరువాత స్పాట్ మార్కెట్‌కు వస్తుంది. ఒప్పందం చేతిలో ఉంటే బ్యాంకు రుణం ఇస్తుంది, రైతు పందిరి వేస్తాడు. పంట పొలంలో పండినా, మార్కెట్ మాత్రం ఆ కాగితంలోనే ఉంటుంది. అందువల్ల పేపర్లలో కనిపించే స్పాట్ ధరను చూసి ఈ పంట లాభనష్టాలను అంచనా వేస్తే పెద్ద పొరపాటు జరుగుతుంది. ఆ ధరకు అమ్మేవాళ్ళు ఎప్పుడూ కొద్దిమందే.

ఆ కాగితం ఎంత గట్టిదో 2006 నుంచి 2010 దాకా జరిగిన సంఘటనలు పరీక్షించాయి. 1990ల తొలినాళ్ళలో ప్రపంచ హాప్స్ విస్తీర్ణం 90 వేల హెక్టార్లకు పైగా ఉండేది. తక్కువ పూతలో ఎక్కువ ఆల్ఫా ఇచ్చే రకాలు రావడం, బీరులో చేదు తగ్గడం వల్ల మిగులు పేరుకుపోయి, ధరలు ఏళ్ళ తరబడి గిట్టుబాటు కాక, 2006 నాటికి విస్తీర్ణం 50 వేల హెక్టార్ల దరిదాపుల్లోకి దిగింది. అమెరికా రైతుకు అప్పట్లో పౌనుకు రెండు డాలర్ల వంతున వచ్చేది. గిడ్డంగుల్లోని పాత నిలవలు ఉన్నంతవరకు ఈ క్షీణత బ్రూవరీల కంట పడలేదు. ఆ నిలవలు కరిగిపోతున్న సమయంలోనే 2006లో జర్మనీ పంట దెబ్బతింది, అదే ఏడాది అక్టోబరులో యాకిమాలో ఒక గిడ్డంగి తగలబడి అమెరికా పంటలో సుమారు నాలుగు శాతం బూడిదైంది. ఆపై ఏడాది ఒప్పందాలు లేని చిన్న బ్రూవరీలు మార్కెట్‌కు వచ్చేసరికి సరుకు లేదు. స్పాట్ ధర పౌనుకు 20 డాలర్లు దాటింది.

తరువాత జరిగినది ఊహించదగినదే అయినా ఆపగలిగినవారు లేకపోయారు. భయపడిన బ్రూవరీలు ఎక్కువ ధరలకు దీర్ఘకాలిక ఒప్పందాలు రాసుకున్నాయి. 2007లో 31 వేల ఎకరాలకు దగ్గరగా ఉన్న అమెరికా విస్తీర్ణం ఒక్క ఏడాదిలో 40 వేలు దాటింది. 2008లోనే ప్రపంచ బీరు రంగంలో పెద్ద విలీనం జరిగి, ఏర్పడిన కొత్త సంస్థ ఖర్చులు తగ్గించుకునే క్రమంలో హాప్స్ కొనుగోళ్ళను కోసింది. ఆర్థిక మాంద్యం వచ్చింది, మిగులు పేరుకుంది. రాసుకున్న ఒప్పందాల్లో కొన్నింటిని వాయిదా వేశారు, కొన్నింటిని తిరిగి మాట్లాడుకున్నారు, కొన్నింటిని డబ్బు కట్టి రద్దు చేసుకున్నారు. 2010 నాటికి విస్తీర్ణం తిరిగి 31 వేల ఎకరాలకు వచ్చింది. ఒప్పందం రైతును ధర పతనం నుంచి కాపాడుతుంది, కానీ కొనేవాడి అవసరమే పడిపోయినప్పుడు ఆ కాపుదల బేరానికి దిగుతుందన్నది ఆ నాలుగేళ్ళు చూపించిన వాస్తవం.

ఆ పతనం నుంచి మార్కెట్‌ను లేపింది క్రాఫ్ట్ బీరు, అంటే చిన్న బ్రూవరీలు కాచే ప్రత్యేక రకాల బీరు. 18, 19 శతాబ్దాల్లో ఇంగ్లండ్ నుంచి భారతదేశానికి ఓడల్లో వచ్చే బీరు నెలల ప్రయాణానికి తట్టుకోవాలని హాప్స్ ఎక్కువ వేసేవారు. ఆ వారసత్వంతో ఇండియా పేల్ ఏల్ అనే పేరు పొందిన బీరును అమెరికా చిన్న బ్రూవరీలు కొత్తగా పైకి తెచ్చాయి. ఇందులో చేదు కంటే వాసనకు ప్రాధాన్యం. పులిసిన తరువాత చల్లని బీరులో మళ్ళీ హాప్స్ వేసి నానబెట్టడం వల్ల లీటరుకు ఎనిమిది, పది గ్రాముల దాకా పడతాయి, అంటే మామూలు లాగర్‌కు ఇరవై రెట్లకు పైనే. మొత్తం బీరులో చిన్న వాటా ఉన్న క్రాఫ్ట్ రంగం ఆ రకంగా హాప్స్ మార్కెట్‌ను తనవైపు తిప్పుకుంది. సిట్రా, మొజాయిక్ వంటి పండ్ల వాసన గల రకాల కోసం పోటీ పెరిగి, అమెరికా విస్తీర్ణం 2021లో 60 వేల ఎకరాలు దాటి రికార్డు సృష్టించింది.

ఈ రకాల యాజమాన్యమే గద్వాల రైతు నిశితంగా చూడవలసిన అంశం. 1972లో అమెరికా వ్యవసాయ శాఖ విడుదల చేసిన క్యాస్కేడ్ రకాన్ని ఎవరైనా నాటుకోవచ్చు, ఎవరికైనా అమ్ముకోవచ్చు. సిట్రా అలాంటిది కాదు. అది రెండు వ్యాపార వర్గాలు కలిసి పెట్టుకున్న కొత్త రకాలను రూపొందించే ప్రైవేటు సంస్థ ఆస్తి. ఎవరు నాటాలి, ఎన్ని ఎకరాలు నాటాలి, పంట ఎవరికి ఇవ్వాలి అన్నవి హక్కుదారులే నిర్ణయిస్తారు. సీడ్ పత్తిలో కంపెనీ ఇచ్చే ఫౌండేషన్ (మూల) విత్తనంతో, కంపెనీకీ రైతుకూ మధ్యవర్తి అయిన ఆర్గనైజర్ ద్వారా, చెప్పిన విస్తీర్ణంలో పండించి తిరిగి ఆ కంపెనీకే ఇవ్వడం నడిగడ్డలో దశాబ్దాలుగా ఉన్న పద్ధతే. తేడా ఒకటి ఉంది: సీడ్ పత్తి రైతు మరుసటి ఏడాది మిరపకో వేరుశనగకో మారగలడు, పందిరి మీద పెట్టుబడి పెట్టిన హాప్స్ రైతు అంత తేలిగ్గా మారలేడు. అందుకు ప్రతిగా యాకిమాలో పెద్ద రైతు కుటుంబాలే కొన్ని వ్యాపార సంస్థల్లో వాటాదారులుగా ఉన్నాయి, రకం మీద వచ్చే ఆదాయంలో వాటికీ భాగం ఉంది. నడిగడ్డ రైతు చేతిలో లేనిది అదే.

రికార్డు తరువాతి పతనం వేగంగా వచ్చింది. క్రాఫ్ట్ బీరు అమ్మకాలు మందగించాయి, బ్రూవరీలు రాసుకున్న ఒప్పందాల కింద కొన్న సరుకు గిడ్డంగుల్లో మిగిలింది. సిట్రా, మొజాయిక్‌ల విస్తీర్ణాన్ని గట్టిగా తగ్గించారు. 2024లో అమెరికా విస్తీర్ణం 45 వేల ఎకరాల లోపుకు దిగింది, మూడేళ్ళలో నాలుగో వంతు పోయింది. ఆ ఏడాది ఉత్పత్తిలో జర్మనీ అమెరికాను దాటి మళ్ళీ మొదటి స్థానానికి వచ్చింది. జర్మనీలో వాసన రకాలతో పాటు హెర్కులెస్ వంటి అధిక ఆల్ఫా రకాల వాటా ఎక్కువ. చేదుకు ఉండే గిరాకీ వాసనకు ఉన్నంత చంచలం కాదు.

జర్మనీ కష్టం మరో వైపు నుంచి వస్తోంది. 2022లో వేసవి కరువుకు అక్కడి దిగుబడి 34 వేల టన్నులకు పడిపోయింది. అంతకు ముందు ఏడాది అది 48 వేల టన్నులకు దగ్గరగా ఉంది. ఆల్ఫా శాతం కూడా తగ్గింది. 2050 నాటికి ఐరోపా సంప్రదాయ వాసన రకాల దిగుబడి 4 నుంచి 18 శాతం, వాటిలోని ఆల్ఫా 20 నుంచి 31 శాతం తగ్గవచ్చని 2023లో వెలువడిన ఒక పరిశోధన అంచనా వేసింది. హాలర్టావులో అధిక భాగం పొలాలకు ఇప్పటికీ వాననీరే ఆధారం. ఇటు యాకిమాలోనూ మంచు తగ్గిన ఏళ్ళలో జూనియర్ నీటి హక్కులున్నవారికి, అంటే పాత హక్కుదారుల తరువాతే నీరు పొందేవారికి, సగం నీరు కూడా అందని సందర్భాలు వచ్చాయి. కాలువ చివరి భూములకు నీరందని కష్టం సాగర్ ఆయకట్టు రైతులకు తెలిసినదే.

మన దేశంలో హాప్స్‌కు చోటు లేదా అంటే, హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో ఉంది. మూడు వేల మీటర్ల ఎత్తున, 32వ డిగ్రీ దాటిన ఆ చల్లని లోయలో 1970ల నుంచి హాప్స్ పండించారు. అక్కడ పంట బాగానే వచ్చింది, మార్కెట్ నిలబడలేదు. దేశీయ బ్రూవరీలు దిగుమతి గుళికల వైపు, సారం వైపు మొగ్గాయి. బఠాణీ, కాలిఫ్లవర్, బంగాళదుంప, ఆపిల్ ఎక్కువ ఆదాయం ఇవ్వడంతో రైతులు హాప్స్ తీగలను తీసేసుకున్నారు. పగలు సరిపోయి, చలి సరిపోయి, నేల సరిపోయిన చోటే కొనుగోలుదారు లేక ఈ పంట కుంచించుకుపోయిందంటే, దీపాల కింద పెంచవలసిన దక్షిణ తెలంగాణలో దాని గురించి ఆశ పెట్టుకోవడానికి ఆధారం కనబడదు.

ఇక్కడికి తెచ్చుకోవలసిన అంశం ఉంటే అది తీగ కన్నా జర్మనీ రైతుల నాణ్యతా పరీక్ష వ్యవస్థ. హాప్స్‌కు డబ్బు కట్టేది బరువును బట్టి మాత్రమే కాదు. చేదు రకాల్లో ఆల్ఫా ఎంత ఉందన్నదే అసలు విలువ. ఆయిల్‌పామ్ గెలల ధర నూనె దిగుబడి శాతాన్ని బట్టి లెక్క కట్టినట్టే ఇదీను. శాతాన్ని కొలిచే అధికారం కొనేవాడి చేతిలోనే ఉంటే రైతు నోరు మెదపలేడు. జర్మనీలో 1929లోనే హాప్స్ మూలాన్ని ధ్రువీకరించే చట్టం వచ్చింది. ప్రతి బేలు మీద ప్రాంతం, రకం, పంట ఏడాది తెలిపే ముద్ర పడుతుంది. తేమ ఎంత, ఆకు ఎంత, తెగులు ఎంత అన్నవి అమ్మేవాడికీ కొనేవాడికీ చెందని తటస్థ సంస్థ నమూనాలు తీసి తేలుస్తుంది. రైతుల సొంత సహకార సంస్థ కూడా పంటలో గణనీయమైన భాగాన్ని తానే కొని అమ్ముతుంది కాబట్టి ప్రైవేటు వ్యాపారులకు అది నిత్యం పోటీగా నిలుస్తుంది.

సీడ్ పత్తిలో విత్తనం ఇచ్చేసిన తరువాత జన్యు స్వచ్ఛత పరీక్ష ఫలితం కోసం రైతు నెలల తరబడి ఎదురుచూడాలి. ఫెయిల్ అయిందని చెబితే ఆ లాట్‌కు ఒప్పుకున్న ధర రాదు. పరీక్ష చేయించేదీ, ఫలితం చెప్పేదీ, డబ్బు ఇవ్వవలసినదీ ఒకే పక్షం. రైతు ముందే తీసుకున్న అడ్వాన్సుకు ఆర్గనైజర్ దగ్గర వడ్డీ నడుస్తూనే ఉంటుంది. అగ్రిమెంటు ప్రతి రైతు చేతిలో తెలుగులో ఉండడం, నమూనాను ఇరుపక్షాల ముందు మూడు భాగాలుగా తీసి ఒక భాగాన్ని ప్రభుత్వ ప్రయోగశాలకు పంపడం, ఫలితానికి గడువు పెట్టి అది దాటితే ఒప్పుకున్న ధర చెల్లించాలని రాయడం, కంపెనీ విస్తీర్ణం తగ్గించుకోదలిస్తే విత్తే ముందే చెప్పాలన్న నిబంధన పెట్టడం – వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త పంట గాని, కొత్త వాతావరణం గాని అవసరం లేదు. విత్తన చట్టాల గురించి చర్చ వచ్చినప్పుడల్లా నకిలీ విత్తనం కొన్న రైతు గురించి మాట్లాడతారు, అది న్యాయమే. ఆ విత్తనాన్ని పండించి ఇచ్చిన రైతుకు తటస్థ పరీక్ష కోరే హక్కును కూడా అదే చట్టంలో స్పష్టంగా రాయవలసి ఉంది.